ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదివి టీచింగ్‌లోకి పోవచ్చా? నెల్లూరు, ఒంగోలు మీద రీసెర్చ్ చేస్తానంటే కుదురుద్దా?

పెన్నా_ఒడ్డు
మాది కోవూరు పక్కన పల్లె. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అయిదేళ్ళు, తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో మాస్టర్స్ రెండేళ్ళు చేశా, ఇప్పుడు బెంగుళూర్లో ఒక ఆఫీసులో ఉండా. అంతా విల్లా ప్రాజెక్టులే, క్లబ్‌హౌస్ ముందర లాను, స్విమ్మింగ్ పూల్ చుట్టూ పామ్ చెట్లు, రోజూ ఇదే పని. జీతం బాగానే ఉండాది, బాధ అది కాదు. చదువుకునేటప్పుడు స్టూడియోలో, అంటే డిజైన్ క్లాసులో, ఒక ఏరు పుట్టిన కాడి నుంచి సముద్రంలో కలిసే కాడి దాకా గీశాం, నేల ఎట్టాంటిది, వాన నీళ్ళు యాడికి పోతాయి, జనం దాన్ని ఎట్టా వాడుకుంటుండారు, అన్నీ చూసినాకే పెన్సిల్ పట్టనిచ్చేవాళ్ళు మా మేడం. ఆ పని మళ్ళీ చెయ్యాలని ఉంది. పీహెచ్‌డీ చేసి టీచింగ్‌లోకి పోదామని మనసు. మా నాయన ఏమో చెట్లు నాటే దానికి పీహెచ్‌డీ ఎందుకమ్మా అంటుండాడు, మా మేనమామ అయితే ఉన్న ఉద్యోగం వదులుకోవద్దని పట్టుబట్టి కూర్చున్నాడు.

అడిగేది రెండే. ఈ సబ్జెక్టులో టీచింగ్ బతుకుతెరువుగా నిలబడుద్దా? మన వైపు మీద రీసెర్చ్ చేస్తానంటే గైడ్లు ఒప్పుకుంటారా, లేక అందరూ ఢిల్లీ, అహ్మదాబాద్ మీదే చెయ్యాలా? పైపైన కాకుండా చెప్పండి.

మైపాడు_గాలి
మీ నాయనకు 2021 నవంబరు గుర్తుచెయ్ తల్లీ. పెన్నా పొంగి పడుగుపాడు కాడ రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోలా? కోవూరు పక్కనే అంటుండావు, ఆయన కళ్ళారా చూసుంటాడు. ఏరుకి ఎంత జాగా వదలాలో లెక్కకట్టి చెప్పేవాళ్ళు కావాలి మనకి, చెట్లు నాటేది తర్వాత సంగతి.

స్టూడియో_సార్
నేను ఈ పనిలో చాలా ఏళ్ళ నుంచి ఉన్నా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవమ్మా.

ముందు డబ్బుల సంగతి. సెంట్రల్ సంస్థల్లో, అంటే ఢిల్లీ, భోపాల్, విజయవాడ ఎస్‌పీఏల (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) లాంటి చోట్ల, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే ఏడో పే కమిషన్ లెవెల్ 10లో మొదటి బేసిక్ 57,700, పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. దాంతో హాయిగా బతకొచ్చు. కాకపోతే పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుద్దో తెలీదు, పడ్డా ఆ లిస్టులో ల్యాండ్‌స్కేప్ వాళ్ళకి దక్కేది కొంచెమే. ప్రైవేటు కాలేజీల్లో జీతం ఆ మేనేజ్‌మెంట్‌ని బట్టి. బీఆర్క్ నడిపే ప్రతి కాలేజీలోనూ సిలబస్‌లో ల్యాండ్‌స్కేప్ పేపరు ఉంటుంది, అంటే మనిషి అవసరం ఉన్నట్టే కదా, కానీ చాలా చోట్ల ఆ పేపరు ఖాళీగా ఉన్న ఎవరో ఒకరికి ఇచ్చేస్తారు, ఆయన చెట్ల బొమ్మలు గీయించి సెమిస్టర్ ముగిస్తాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇక పని. నేను స్టూడియోలో మొదటి రెండు వారాలు డిజైన్ చెయ్యనివ్వను. ఒక కాంటూరు షీటు (ఒకే ఎత్తున్న చోట్లని గీతతో కలిపిన మ్యాపు) ఇచ్చి వాన కురిసింది అనుకో, ఒక్క చుక్క ఇక్కడ పడింది, అది యాడికి పోద్దో గీతతో చూపించు అంటా. కాంటూరుకి అడ్డంగా, నిట్టనిలువుగా దిగాలి గీత. చాలామంది కాంటూరు వెంబడే గీస్తారు, నీళ్ళు ఎత్తు మారకుండా పక్కకి నడిచిపోతున్నట్టు. అది దిద్దడానికే కొందరికి వారం పట్టుద్ది. ఒక్కసారి అర్థమైందా, ఆ పిల్లోడు ఇక జన్మలో లోతట్టులో బిల్డింగ్ పెట్టడు. ఈ తృప్తి నాకు ఏ ప్రాజెక్టులోనూ దొరకలేదు.

రెండో ప్రశ్నకి జవాబు: ఒప్పుకుంటారు. ప్రశ్న గట్టిదై ఉండాలి, ఊరు ఏదైనా పర్లేదు.

కాంట్రాక్ట్_లెక్చరర్
సార్ చెప్పింది పైమెట్టు మీద ఉన్నోళ్ళ సంగతి. కింద ఎట్టుందో నేను చెప్తా. మా కాలేజీ పేరు చెప్పను. పదకొండు నెలల కాంట్రాక్టు, ఎండాకాలం సెలవులకి జీతం ఉండదు, మళ్ళీ జూన్‌లో కొత్త ఆర్డర్. స్టూడియోలు, రెండు థియరీ పేపర్లు, కాలేజీ గ్రేడు కోసం న్యాక్ ఫైళ్ళు, అడ్మిషన్ల సీజన్‌లో ఇంటర్ కాలేజీల చుట్టూ తిరిగి పిల్లల్ని తేవాలి. మధ్యలో స్కోపస్ లిస్టులో ఉన్న జర్నల్లో రీసెర్చ్ పేపర్ ఏదీ అని అడుగుతారు. రాసేదెప్పుడు? ఆ అమ్మాయి బెంగుళూరు జీతం వదిలి దీంట్లోకి వచ్చేముందు రాతపూర్వకంగా నాలుగు విషయాలు అడగాలి, పన్నెండు నెలలూ జీతం ఇస్తారా, వారానికి ఎన్ని గంటలు క్లాసులు, పీహెచ్‌డీకి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఇస్తారా, సైట్ విజిట్ బస్సు ఖర్చు ఎవరిది. నోటిమాట నమ్మొద్దు అక్కా.

పెన్నా_ఒడ్డు
@కాంట్రాక్ట్_లెక్చరర్ సైట్ విజిట్ ఖర్చు కూడా మీరే పెట్టుకుంటుండారా??

కాంట్రాక్ట్_లెక్చరర్
పోయినసారి పిల్లలు తలా కొంత వేసుకున్నారు, మిగిలింది నాది. చెరువు చూడకుండా చెరువు గురించి చెప్పలేను కదా.

గుండ్లకమ్మ88
నాది వేరే మాట. మాది అద్దంకి, ప్రాక్టీసులో ఉన్నా. అమ్మాయ్, ఇప్పుడే టీచింగ్‌లోకి పోవద్దు. ఇంకో అయిదేళ్ళు సైట్ల మీద నిలబడు. డ్రాయింగ్‌లో డ్రెయిన్ వాలు ఒకటికి రెండొందలు అని రాసేస్తాం, సైట్‌కి పోతే మేస్త్రీ నీళ్ళ పైపుతో లెవెల్ పట్టి, ఇట్టా ఇస్తే నీళ్ళు వెనక్కి వస్తాయి సార్ అంటాడు, ఎందుకంటే మనం గీసినాక వాళ్ళు రోడ్డు ఎత్తు పెంచేశారు. మట్టి నింపి ఏడాది తిరక్కుండానే పేవింగ్ వేస్తే వానాకాలానికి కుంగుద్ది. చెట్టు కుండీలోంచి తీసి నాటినప్పుడు వేళ్ళు గుండ్రంగా చుట్టుకుని ఉంటే విప్పకుండా పెట్టేస్తారు, నాలుగేళ్ళకి గాలికి పడిపోద్ది. ఇయ్యన్నీ చూడని టీచరు పిల్లలకి ఏం చెప్తది? సైట్‌లో పని చెయ్యకుండా నేరుగా పీహెచ్‌డీ అయ్యి వచ్చినోళ్ళ క్లాసుల్లో నేను కూర్చున్నా, అంతా థియరీనే.

స్టూడియో_సార్
@గుండ్లకమ్మ88 మీ మాటలో సగం ఒప్పుకుంటా. కానీ ఒకటి పూర్తిగా వదిలితేనే ఇంకోటి అన్నట్టు మాట్లాడుతున్నారు, అది కాదు. మొహమ్మద్ షహీర్ గారిని చూడండి, ఢిల్లీ ఎస్‌పీఏలో ఏళ్ళ తరబడి పాఠం చెప్తూనే హుమాయూన్ సమాధి తోటల పునరుద్ధరణలో పనిచేశారు, దాని పక్కనున్న సుందర్ నర్సరీ పార్కుకి డిజైన్ ఇచ్చారు. 2015లో పోయారు, ఆ పార్కు జనానికి తెరిచింది 2018లో. ఆయన దగ్గర చదివినవాళ్ళు ఇవాళ దేశమంతా ఉన్నారు. మన సబ్జెక్టులో మంచి టీచర్లు ఎప్పుడూ ఒక కాలు సైట్‌లో పెట్టే ఉన్నారు. 2022 యూజీసీ నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి కూడా వీలుంది, ఆఫీసు ఎన్‌ఓసీ ఇవ్వాలి. మూడేళ్ళకి తగ్గకూడదు.

గుండ్లకమ్మ88
పార్ట్‌టైమ్ అయితే నాకు అభ్యంతరం లేదు సార్. ఉద్యోగం మానెయ్యమని ఎవరైనా చెప్తారేమోనని రాశా.

సరుగుడు_తోట
ఈ గొడవలో మమ్మల్ని మర్చిపోయారు. నేను హార్టికల్చర్ బీఎస్సీ, తర్వాత ఫ్లోరికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేపింగ్‌లో ఎమ్మెస్సీ. మా వాళ్ళకి హార్టికల్చర్ యూనివర్సిటీలో టీచింగ్ దారి వేరే ఉంది, నెట్ రాస్తాం. పేపర్ల పేరు చూస్తే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ మాకూ ఉంది, కానీ మేం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయిన ఆర్కిటెక్టులం కాదని టెండర్లలో మమ్మల్ని పక్కన పెడతారు. ఆర్కిటెక్టులేమో మొక్క బతుకుద్దా చస్తదా చూడకుండా రంగు చూసి పెడతారు. మీ రోడ్డు డివైడర్ల మీద కోనోకార్పస్ చెట్లు ఎవరు పెట్టారు చెప్పండి? నర్సరీలో చవగ్గా దొరుకుద్ది, నీళ్ళు పొయ్యకపోయినా పచ్చగా ఉంటది అని ఊరూరా నాటారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటొద్దని ఆర్డర్ ఇచ్చింది. ఇప్పుడు మన ఊళ్ళల్లోనూ పీకేస్తన్నారు.

స్టూడియో_సార్
మీరు చెప్పింది నిజం, మా స్టూడియోల్లో మొక్కల పాఠం బలహీనంగానే ఉంది. నేను ప్రతి ఏడూ ఒక హార్టికల్చర్ మనిషిని జ్యూరీకి, అంటే పిల్లల డిజైన్లు చూసి తప్పొప్పులు చెప్పడానికి, పిలుస్తా. అందరూ పిలవాలి.

బీఆర్క్_మూడో_ఏడు
మాకు ల్యాండ్‌స్కేప్ సార్ చెట్ల సింబల్స్ డౌన్‌లోడ్ చేసుకోమన్నారు అంతే.. స్టూడియో_సార్ గారి కాంటూరు సంగతి ఇప్పుడే రూమ్‌మేట్‌కి చదివి వినిపించా, వాడూ వెంబడే గీశాడు 😀

నెల్లూరు_చేపలపులుసు
సైట్ విజిట్ మైపాడుకి పెట్టుకోండి, మధ్యాహ్నం భోజనం సంగతి నేను చూసుకుంటా. సిలబస్‌లో చేపల పులుసు యూనిట్ ఒకటి చేర్చాల్సిందే.

మైపాడు_గాలి
ఆ మామిడికాయ వేసిందయితే నేనూ వస్తా 😋

చీమకుర్తి_రాయి
రీసెర్చ్ టాపిక్ కావాలంటే మా ఊరు రా అక్కా. బ్లాక్ గెలాక్సీ అని ప్రపంచమంతా వంటింటి గట్లకి వేసుకునే నల్ల రాయి, దాంట్లో బంగారు చుక్కలు మెరుస్తాయే, అది వచ్చేది మా చీమకుర్తి నుంచే. రాయి పోయింది, గుంటలు మాకు మిగిలాయి. పైనుంచి చూస్తే లారీ అగ్గిపెట్టెంత కనపడుద్ది. పక్కనే పనికిరాని రాయి గుట్టలు గుట్టలు, దాని మీద గడ్డి కూడా మొలవదు. తవ్వేటప్పుడు పైన ఉన్న మంచి మట్టిని విడిగా తీసి దాచి ఉంటే ఇయ్యాళ దాన్నే మళ్ళీ పరిచేవాళ్ళం. అది రాళ్ళ కింద పడి పోయింది. గుంటల్లో వాన నీళ్ళు నిలుస్తన్నాయి, ఆ నీళ్ళు వ్యవసాయానికి పనికొస్తాయా, అంచులు మెట్లుగా దింపితే పశువులు దిగొచ్చా, దుమ్ముకి తట్టుకునే చెట్లేవి, ఎవరన్నా చూసి చెప్తే బాగుండు. క్వారీ మూసేటప్పుడు ఏం చెయ్యాలో ప్లాను ఇవ్వాలని రూల్ ఉంది. కాగితం మీద ఉన్నది నేల మీద ఎంతవరకు వచ్చిందో కొలిచి రాస్తే చాలు, అదే పీహెచ్‌డీ.

పెన్నా_ఒడ్డు
@చీమకుర్తి_రాయి నాకు ఇంత దూరం తట్టలా. అయితే నేను క్వారీ కన్నా నీళ్ళ వైపు మొగ్గుతుండా. మా ఊరి చెరువు కలుజు (నిండితే నీళ్ళు పొర్లిపోయే గట్టు) మీద నుంచి పారిన నీళ్ళు కింద ఊరి చెరువులోకి పోయేవంట, ఇప్పుడు ఆ మధ్యలో లేఅవుట్ వేశారు. వాన పడితే ఆ ప్లాట్ల మధ్య మోకాలు లోతు నీళ్ళు. ఆ కాలవ మ్యాపులో ఉంది, నేల మీద లేదు. ఇట్టాంటివి జిల్లాలో ఎన్ని ఉండాయో గీద్దామని.

కంభం_కట్ట
ఇదే అసలు సిసలు టాపిక్. మాది కంభం. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి అడ్డకట్ట వేసి కట్టిన చెరువు, రాణి వరదరాజమ్మ కట్టించిందని మా పెద్దోళ్ళు చెప్తారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ ఐసీఐడీ దీనికి వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. గుర్తింపు బోర్డు దగ్గర అందరూ ఫొటోలు దిగి పోతారు. చెరువుని చెరువుగా నిలబెట్టేది కట్ట ఒక్కటే కాదు, నీళ్ళు తెచ్చే వాగులు, తూము కింద పిల్ల కాలవలు, ఆయకట్టులో ఎవరి వంతు ఎప్పుడో తెలిసిన మనిషి, ఇయ్యన్నీ కలిస్తేనే. మా తాత తరంలో నీళ్ళు వదిలేవాణ్ణి నీరటికాడు అనేవాళ్ళు, ఏ మడికి ఎంతసేపో వాడికి నోటికి వచ్చు. అట్టాంటి ముసలోళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళ మాట రికార్డు చెయ్యి అమ్మా ముందు, మ్యాపులు తర్వాత గీసుకోవచ్చు.

ఉపగ్రహం_అన్నయ్య
మ్యాపుల వైపు నాకు కొంచెం తెలుసు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు) 1:50,000 స్కేలువి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తున్నారు, ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లో ఎత్తుల డేటా ఉంది, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఫ్రీ. వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి చూసుకో. ఇప్పుడు కంప్యూటర్లో పొరలు అంటున్నాం కానీ 1960ల్లో పెన్సిల్వేనియాలో ఇయాన్ మెక్‌హార్గ్ ట్రేసింగ్ షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి నేల, నీళ్ళు, అడవి, వాలు అన్నీ కలిపి చూసి రోడ్డు యాడ పోవాలో చెప్పేవాడు, అదే పద్ధతి.

కానీ ఒక హెచ్చరిక. నీది కోస్తా. భువన్‌లో ఉచితంగా దొరికే డేటాలో ఒక గడి దాదాపు 30 మీటర్లు, ఎత్తులో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. ఉదయగిరి కొండల కాడ అది సరిపోద్ది. కోవూరు, అల్లూరు వైపు మాగాణిలో కిలోమీటరు పోయినా నేల ఒక మీటరు కూడా దిగదు, అక్కడ ఆ డేటా పెట్టి నీళ్ళ దారి గీయిస్తే సాఫ్ట్‌వేర్ ఇష్టం వచ్చినట్టు గీసి ఇచ్చుద్ది, చూడ్డానికి మాత్రం భలే నమ్మకంగా ఉంటది. అట్టాంటి మ్యాపులతో వచ్చిన పేపర్లు నేను చాలా చూశా. ఎత్తుల తేడా కొలిచే లెవెల్ మిషను పట్టుకుని పొలం గట్ల మీద నడవాల్సిందే, వేరే దారి లేదు.

కాంట్రాక్ట్_లెక్చరర్
పైన అన్నయ్య చెప్పిన మాట నా పిల్లలకి ప్రింట్ తీసి ఇస్తా. లెవెల్ మిషను మాత్రం మా సివిల్ డిపార్ట్‌మెంట్ బీరువాలో తాళం వేసి ఉంది.

సరుగుడు_తోట
తీరం వైపు కూడా చూడక్కా. కొత్తపట్నం, మైపాడు దగ్గర ఇసుక దిబ్బలు. 2004 సునామీ తర్వాత తీరం పొడుగునా సరుగుడు తోటలు వేశారు, గాలిని ఆపుద్ది, కలప డబ్బులు వస్తాయి, మంచిదే. కానీ దిబ్బని పట్టి ఉంచేది బాలబండి తీగ, రావణాసురుడి మీసాలు, అవి ఇసుక మీద పాకి ప్రతి కణుపు దగ్గరా వేరేస్తాయి. ఇసుక వచ్చి కప్పితే పైకి మొలుస్తాయి, దిబ్బ పెరుగుద్ది. ఆ దిబ్బ కింద వాన నీళ్ళు నిలవుంటాయి కాబట్టే సముద్రం పక్కనే ఉన్నా చెలమ తవ్వితే తియ్యటి నీళ్ళు. దిబ్బ చదును చేసి రొయ్యల గుంట తవ్వితే పక్కోడి బావి ఉప్పగా మారుద్ది.

మైపాడు_గాలి
రొయ్యల గుంటల్ని అన్నిటికీ తిట్టకండి, మా ఇళ్ళల్లో పిల్లలు చదువుకుంది వాటి మీదే. యాడ తవ్వొచ్చో యాడ తవ్వకూడదో చెప్పండి, వింటాం.

సరుగుడు_తోట
@మైపాడు_గాలి అన్నా నేను వద్దన్లేదు, దిబ్బ మీద వద్దన్నా. మీరు అడిగిన ఆ మ్యాపు ఇంతవరకు ఊళ్ళోకి ఎవరూ తెచ్చి ఇవ్వలేదు, తప్పు మీది కాదు.

స్టూడియో_సార్
చూశావా అమ్మా, నువ్వు ఒక ప్రశ్న అడిగితే మూడు నాలుగు పీహెచ్‌డీలు తేలాయి. గైడు దగ్గరికి పోయేటప్పుడు "నెల్లూరు చెరువులు" అని పోవద్దు, అది చాలా పెద్దది, ఇంటర్వ్యూలోనే పడగొడతారు. ఒక్క గొలుసు తీసుకో, పై చెరువు నుంచి చివరి చెరువు దాకా. ఏ కాలవ ఏ ఏట మూసుకుపోయింది, ఎందుకు, దాని వల్ల ఏ వీధి మునుగుతోంది, తిరిగి తెరవాలంటే ఎంత జాగా కావాలి. ఈ నాలుగింటికి జవాబు చెప్తే మున్సిపాలిటీ వాళ్ళు కూడా చదువుతారు. స్కోపస్‌లో ఇంగ్లీషులో రాయి, తప్పదు, ప్రమోషన్‌కి అదే లెక్క. అదే విషయం తెలుగులో ఒక నాలుగు పేజీల బుక్‌లెట్ వేసి ఆ ఊళ్ళో పంచు. నా స్టూడెంట్స్‌కి ఈ రెండోది తప్పనిసరి చేశా, గ్రామసభలో పిల్లలు షీట్లు గోడకి అంటించి మాట్లాడితే ఒక రైతు లేచి, ఈ తూము మీరు గీసిన చోట లేదయ్యా, మర్రిచెట్టు అవతల ఉంది అన్నాడు. పోయి చూస్తే ఆయన చెప్పిందే కరెక్టు. ఏ జ్యూరీలోనూ అంత మంచి కరెక్షన్ రాదు.

బీఆర్క్_మూడో_ఏడు
సార్ నేను మీ కాలేజీకి మారిపోవచ్చా 🙏 గేట్ రాస్తే మాస్టర్స్‌లో స్టైపెండ్ వస్తుందంట నిజమేనా

కాంట్రాక్ట్_లెక్చరర్
గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరు రాయి తమ్ముడూ. నేను చదివినప్పుడు స్కోరు ఉండి ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న పీజీలో చేరితే నెలకి 12,400 ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు ఎట్టుందో చేరే కాలేజీలో కనుక్కో. నేను చదువుకుంది దాని మీదే.

గుండ్లకమ్మ88
@పెన్నా_ఒడ్డు ఆఫీసుని అడుగు, వారానికి నాలుగు రోజుల పనికి ఒప్పుకుంటారేమో. ఒప్పుకోకపోతే నాకు చెప్పు, ఒంగోలులో నాకు తెలిసిన ప్రాక్టీసులు ఉన్నాయి. జీతం బెంగుళూరంత రాదు, కానీ ఇంటి నుంచి పోయి రావచ్చు, సైట్లు కూడా నీకు కావాల్సినవే, స్కూలు ఆవరణలు, చెరువు కట్టలు.

పెన్నా_ఒడ్డు
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఈ థ్రెడ్ మొత్తం మా నాయనకు చదివి వినిపించా. కంభం ఆయన రాసిన నీరటికాడి మాట రాగానే, మన చెరువుకి కూడా ఒకాయన ఉండేవాడు, ఆయన కొడుకు ఇంకా ఉండాడు, రేపు తీసకపోతా అన్నాడు. మేనమామ ఇంకా ఒప్పుకోలా, చూడాలి. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకే అప్లై చేస్తుండా, ఒక్క గొలుసు మీదే. @గుండ్లకమ్మ88 అన్నా మీకు మెసేజ్ పెడతా. @ఉపగ్రహం_అన్నయ్య లెవెలింగ్ చెయ్యాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎక్కణ్ణుంచి?

ఉపగ్రహం_అన్నయ్య
ఏప్రిల్, మే నెలల్లో చెరువు అడుగు బయటపడ్డాక. తూము కాడ నీటిమట్టం కొలిచే గేజీ రాయి ఉందేమో చూడు, ఉంటే దాని మీద నుంచి మొదలుపెట్టి కలుజు పైరాయి దాకా లెవెల్ తీసుకో, అక్కణ్ణుంచి కింద చెరువుకి. మళ్ళీ మొదలుపెట్టిన చోటికి వచ్చి లెక్క మూసుకోవాలి, తేడా ఎక్కువగా వస్తే ఆ రోజు పనంతా మళ్ళీ చెయ్యి. స్టాఫ్ (కొలతలు గీసిన నిలువు కర్ర) పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.

బీఆర్క్_మూడో_ఏడు
స్టాఫ్ నేను పట్టుకుంటా అక్కా, మాది బుచ్చిరెడ్డిపాలెం. సెమిస్టర్ సెలవులు అప్పుడే.

నెల్లూరు_చేపలపులుసు
భోజనం నాది అని ముందే చెప్పా. ఎంతమందో ఒక రోజు ముందు చెప్పండి, చేపలు తెల్లారుజామునే తేవాలి.